శరీరతత్వం తెలియాలంటే అమ్మనూ అడగాలి

2024 నవంబరు 26 నుంచి నెల రోజుల పాటు కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ దేశమంతటా ప్రకృతి (పుట్టుకతో వచ్చే శరీరతత్వం) పరీక్షల ఉద్యమం నడిపింది. ఆయుర్వేద విద్యార్థులూ అధ్యాపకులూ వైద్యులూ కలిసి ఊళ్ళకు తరలి, ఫోన్‌లో యాప్ తెరిచి ప్రశ్నలడిగారు. మీది వాతం, మీది పిత్తం, మీది కఫపిత్తం అని కోటి మందికి పైగా జనానికి వారి వారి శరీరతత్వం చెప్పారు. గిన్నిస్ రికార్డులు కూడా వచ్చాయి. ప్రభుత్వ ఆయుర్వేద డిస్పెన్సరీలో పనిచేసి రిటైరైనదాన్ని నేను. ఆ వార్తలు చదువుతుంటే నిజంగా సంతోషమేసింది. నలుగురు రోగులకు విడమరిచి చెప్పడానికే మేం తంటాలు పడిన మాట ఒక్క నెలలో అన్ని గడపలు చేరింది.

ఆ తర్వాత నా దగ్గరికి వచ్చినవాళ్ళలో చాలామంది ఫోన్ తీసి సర్టిఫికెట్ చూపించి ఒకటే అడిగారు. "నాది పిత్తమట, ఇప్పుడేం చెయ్యమంటారు?" దానికి జవాబు ఆ సర్టిఫికెట్‌లో లేదు. ఉండే వీలు కూడా లేదు. ప్రకృతి పేరు చెప్పడం రోగిని పరీక్షించడంలో మొదటి పని మాత్రమే. మిగతా తొమ్మిదీ వదిలేసి ఆ ఒక్కటే చేతిలో పెట్టి పంపిస్తే మేలు జరగదని, ఒక్కోసారి కీడు జరుగుతుందని నా నమ్మకం.

తొమ్మిదని లెక్కపెట్టే అన్నాను. చరకసంహిత విమానస్థానం ఎనిమిదో అధ్యాయంలో రోగిని పది విధాల పరీక్షించమని ఉంది. ప్రకృతి, వికృతి, సారం, సంహననం, ప్రమాణం, సాత్మ్యం, సత్త్వం, ఆహారశక్తి, వ్యాయామశక్తి, వయసు. విజయవాడ ఆయుర్వేద కళాశాలలో చదువుకునే రోజుల్లో ఈ పదీ మాకు కంఠతా వచ్చేవి. మనిషి ఏ తీరుతో పుట్టాడు, ఇప్పుడు ఆ తీరులో ఏం మారింది, ధాతువుల్లో సత్తువ ఎంత, ఒళ్ళు ఎంత గట్టిగా అమరి ఉంది, కొలతలేమిటి, చిన్నప్పటి నుంచి ఏ తిండి అలవాటు, మనసు ఎంత తట్టుకుంటుంది, ఎంత తిని అరిగించుకోగలడు, ఎంత శ్రమ పడగలడు, వయసెంత. ఇవన్నీ తెలిశాకే మందు ఎంత, ఎన్నాళ్ళు, అసలు అవసరమా అన్నది తేలుతుంది. మొదటి రెండిటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టడంలోనే ఒక పెద్ద సూక్ష్మం ఉంది. పుట్టుకతో వచ్చిన తీరునూ ఇప్పుడు కనిపిస్తున్న తీరునూ కలిపేయవద్దని దాని భావం.

ఆ రెండూ కలిసిపోతే ఏమవుతుందో ఒక అమ్మాయి విషయంలో చూశాను. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సన్నగా, చురుగ్గా, కుర్చీలో కుదురుగా కూర్చోలేకుండా ఉంది. నిద్ర పట్టదు, జుట్టు రాలిపోతోంది, గుండె దడ, చిన్న విషయానికి కంగారు. ఏదో వెబ్‌సైట్‌లో పన్నెండు ప్రశ్నలకు జవాబులిస్తే వాతప్రకృతి అని వచ్చిందట. దాంతోపాటే అశ్వగంధ మాత్రలు, తలకు నూనె, ఒక చూర్ణం ఉన్న పెట్టె ఇంటికొచ్చింది. మూడు నెలలు వాడింది. తగ్గకపోయేసరికి ఊరికి వచ్చినప్పుడు వాళ్ళ అమ్మ నా దగ్గరికి తీసుకొచ్చింది. ప్రశ్నల వారీగా చూస్తే ఆ పిల్ల జవాబులన్నీ వాతానికే సరిపోతాయి. అబద్ధం ఒక్కటీ లేదు.

నేను పిల్లను వదిలేసి తల్లిని అడిగాను. "చిన్నప్పుడు ఎలా ఉండేదమ్మా?"

"బొద్దుగా ఉండేదండీ డాక్టరమ్మగారూ. స్కూల్లో అందరూ బొండాం అని ఏడిపించేవాళ్ళు. పడుకుంటే పక్కన బాజాలు మోగినా లేచేది కాదు. మాట కూడా మెల్లిగానే. ఈ యేడు సంక్రాంతికి వచ్చినప్పటి నుంచే ఇలా అయిపోయింది."

ఆ రెండు ముక్కల్లో అంతా ఉంది. కఫం పాలు ఎక్కువున్న ఒంట్లో ఆరేడు నెలల్లో వాతపిత్త లక్షణాలు ముంచుకొచ్చాయి. ఇది వికృతి. రెండు చేతులూ ముందుకు చాచమని వేళ్ళ మీద కాగితం పెట్టాను. కాగితం అంచు వణికింది. అరచేతులు వెచ్చగా, తడిగా ఉన్నాయి. తిండి బాగానే తింటోంది, బరువు మాత్రం తగ్గుతోంది. వెంటనే టీఎస్‌హెచ్ పరీక్షకు రాశాను. థైరాయిడ్ గ్రంథి మితిమీరి పనిచేస్తోందని తేలితే ఎండోక్రినాలజిస్టు దగ్గరికి పంపాను. ఆయన మందులతోనే కుదుటపడింది. అసలే చెలరేగిన గ్రంథికి మూడు నెలల పాటు అశ్వగంధ కూడా తోడైంది. థైరాయిడ్ హార్మోన్లను అశ్వగంధ పెంచగలదు కాబట్టి ఇలాంటివారు దాన్ని ముట్టుకోకూడదు. ఫోన్‌లో ప్రశ్నలకు నిజాయితీగానే జవాబులిచ్చిన పిల్లకు ఇలా జరిగింది. నువ్వు ఎప్పుడూ ఇలాగే ఉన్నావా అని ఆ ప్రశ్నపత్రం అడగలేదు. అడిగినా, సరిగ్గా చెప్పాల్సినది తల్లి.

ప్రకృతి ఎక్కడి నుంచి వస్తుందో చెబుతున్నప్పుడు కూడా చరకుడు తల్లిదండ్రుల బీజాన్ని, గర్భం నిలిచిన కాలాన్ని, గర్భాశయ స్థితిని, కడుపుతో ఉన్నప్పుడు తల్లి తిన్న తిండిని, ఆమె నడవడిని లెక్కలోకి తీసుకుంటాడు. తల్లి కబుర్లు వినకుండా తత్వం నిర్ణయించడం నా దృష్టిలో సగం పరీక్షే. కడుపుతో ఉన్నప్పుడు ఆమెకు వేవిళ్ళు ఎలా ఉండేవి, బిడ్డ ఎంత బరువుతో పుట్టాడు, పాలు తాగేవాడా కక్కేసేవాడా, నడక ఎప్పుడొచ్చింది, జ్వరం వస్తే ఏడ్చేవాడా మూలకు పడుకునేవాడా అని అడుగుతాను. తల్లి లేకపోతే అమ్మమ్మను, మేనత్తను, ఎవరూ లేకపోతే బడి రోజుల ఫొటో తెమ్మంటాను.

మా ఇంటి సంగతే చెబుతాను. ఏకాదశి ఉపవాసం మా అక్కకు శిక్ష. పదకొండయ్యేసరికి ఆకలి, పన్నెండు దాటితే తలనొప్పి, ఒంటిగంటకు కనిపించినవాళ్ళ మీదల్లా కేకలు. పాతికేళ్ళు నిండకుండానే చెంపల దగ్గర తెల్లవెంట్రుకలు. ఎండలో పది నిమిషాలు నడిస్తే మొహం కందిపోతుంది. కొత్తావకాయ నాలుగు ముద్దలు కలిపితే సాయంత్రానికి కడుపులో మంట. నాకు పొద్దున టిఫిన్ లేకపోయినా మధ్యాహ్నం దాకా ఏమీ అనిపించదు. ఆవకాయ ఎంత తిన్నా ఏమీ కాదు కానీ, కాస్త నెయ్యి వేసుకుంటే నెలలోపే జాకెట్టు బిగుతవుతుంది. ఒకే తల్లి కడుపున పుట్టి ఒకే కంచంలో తిన్నవాళ్ళం. మా అమ్మ ఏ సంహితా చదవలేదు. ఉపవాసం రోజున అక్కకు మాత్రం పొద్దున్నే మజ్జిగలో అటుకులు కలిపి పెట్టేసేది. నేనూ చెయ్యి చాపితే, "నీకేం ఫర్వాలేదులే, సాయంత్రం దాకా ఉండు" అనేది. దాన్నే వైద్యంలో అక్కది తీక్ష్ణాగ్ని, చెల్లిది మందాగ్ని అంటాం. ఎప్పుడు ఆకలేస్తుందో ఎప్పుడు వెయ్యదో తెలియకుండా రోజుకో తీరుగా ఉంటే విషమాగ్ని, అది వాతపు లక్షణం. మా వారిది అదే. పెళ్ళిభోజనం అరిగించుకున్న మనిషికి మర్నాడు రెండు ఇడ్లీలు బరువైపోతాయి.

ప్రకృతి జ్ఞానం బతికి ఉన్నది అమ్మ పెట్టిన ఆ అటుకుల గిన్నెలో అని నేను అనుకుంటాను. ఎవరికి ఏది పడుతుంది, ఏది పడదు, ఏ వేళకు పడుతుంది అన్న ఎరుక అది. ఏళ్ళ తరబడి ఒక మనిషిని చూస్తూ ఉండటం వల్ల వచ్చింది. ఆ ఎరుకను వైద్యుడు అరగంటలో అందుకోవాలంటే వరసబెట్టి ప్రశ్నలడిగే నేర్పు కావాలి, ఓపిక కావాలి, ఎదురుగా మనిషి ఉండాలి.

నేల కూడా లెక్కలోకి వస్తుంది. పెళ్ళయిన కొత్తలో మా వారి ఉద్యోగం వల్ల అనంతపురంలో ఉంటూ చిన్న క్లినిక్ పెట్టుకున్నాను. ఆ తర్వాత ప్రభుత్వ ఉద్యోగమొచ్చి కోనసీమలో స్థిరపడ్డాను. వానలు తక్కువ, గాలి ఎక్కువ, చెట్టూచేమా పలచగా ఉండే చోటును మా గ్రంథాలు జాంగల దేశమంటాయి. అక్కడి జనంలో వాతపిత్తాలు ఎక్కువంటాయి. నీళ్ళు, చెట్లు, చెమ్మ ఎక్కువున్న చోటు ఆనూపం. అక్కడ కఫవాతాలు ఎక్కువ. పుస్తకంలో చదివిన ఆ రెండు మాటలూ రెండు ఊళ్ళలో నా కళ్ళెదుట కనిపించాయి.

మోకాళ్ళ నొప్పులనే తీసుకోండి. అనంతపురం దగ్గర వేరుశనగ రైతు ఒకాయన వచ్చేవాడు. కూర్చుని లేస్తే కీళ్ళు టకటకమనేవి. కాళ్ళమీద చర్మం పొలుసులు లేచి, మడమలు పగిలి ఉండేవి. రోజంతా నడిచాక సాయంత్రానికి నొప్పి ఎక్కువ, పొద్దున లేచేటప్పుడు నయం. మలబద్ధకం. ఆయనకు నువ్వులనూనె గోరువెచ్చగా రాసి, వేన్నీళ్ళ కాపడం పెట్టి, రాగిసంగటిలో నెయ్యి వేసుకోమని చెబితే పది రోజుల్లో తేడా తెలిసింది. కోనసీమలో కొబ్బరిపీచు పనిచేసే ఒకామెకూ మోకాళ్ళ నొప్పులే. ఆమెవి వాచి ఉండేవి. తెల్లవారి లేవగానే గంటసేపు కాళ్ళు కట్టెల్లా బిగుసుకుపోయేవి. నాలుక మీద తెల్లగా పూత, నోటికి అరుచి, వానపడితే ఒళ్ళంతా బరువు. ఎవరో చెప్పారని ఆమె కూడా నూనె మర్దన చేయించుకుంది, వాపు ఇంకా పెరిగింది. ఆమెది ఆమవాతం, అందులో మొదట నూనె పనికిరాదు. ఇసుక వేయించి గుడ్డలో మూటకట్టి పొడి కాపడం పెట్టించాను. శొంఠి కాచిన నీళ్ళు తాగమని, పెరుగు, మినుములు కొన్నాళ్ళు మానమని చెప్పాను. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉందేమోనని రక్తపరీక్షకూ పంపాను. ఉంది. కీళ్ళు వంకర్లు పోకుండా కాపాడే ఇంగ్లీషు మందులు అక్కడి డాక్టరు రాశారు. వాటిని మానొద్దని మొదటి రోజునుంచీ చెబుతూ వచ్చాను. ఇద్దరికీ నొప్పి మోకాళ్ళలోనే. ఒకరికి మందైన నూనె రెండోవారికి కీడైంది.

మరి నాడి చూస్తే తెలియదా అని అడుగుతారు. మన పల్లెల్లో చాలామంది వచ్చి కూర్చుని నోరు విప్పకుండా చెయ్యి చాపుతారు. రోగం పేరు వైద్యురాలే చెప్పాలి, చెప్పలేకపోతే చదువు రానట్టు. బొటనవేలి మొదట మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనిస్తే చూపుడువేలి కింద వాతం, నడిమివేలి కింద పిత్తం, ఉంగరపువేలి కింద కఫం పలుకుతాయి. వాతనాడి పాములా మెలికలు తిరుగుతూ, పిత్తనాడి కప్పలా గెంతుతూ, కఫనాడి హంసలా నెమ్మదిగా నడుస్తుందని శార్ఙ్గధర సంహిత వర్ణించింది. మన తెలుగు వైద్యులు తరాల తరబడి నమ్ముకున్న బసవరాజీయంలోనూ నాడికి పెద్దపీట ఉంది. అయితే చరక సుశ్రుత సంహితల్లో ఈ నాడీపరీక్ష ఇలా కనిపించదు. వాళ్ళకు ముఖ్యమైనవి చూడటం, తాకడం, అడగడం. నేను రోజూ నాడి చూసేదాన్ని. జ్వరం, నీరసం, కంగారు ఆ వేళ్ళకు తెలుస్తాయి. పుట్టుకతో వచ్చిన ప్రకృతిని అరనిమిషంలో నాడి పట్టుకుని చెప్పేస్తామనే వారిని మాత్రం నమ్మవద్దని నా దగ్గర శిక్షణకు వచ్చిన విద్యార్థులందరికీ చెప్పాను. పరుగెత్తుకుంటూ బస్సు దిగి వచ్చిన మనిషి నాడి గెంతుతూనే ఉంటుంది.

ప్రకృతికి సైన్సు ఆధారం దొరికిందని అమ్మకాల ప్రకటనల్లో తరచూ రాస్తున్నారు. దొరికినదేమిటో కాస్త నిదానంగా చూడాలి. ఢిల్లీలోని ఐజీఐబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2008లో వాత, పిత్త, కఫ లక్షణాలు బాగా కొట్టొచ్చినట్టున్న ఆరోగ్యవంతుల రక్తంలో జన్యువుల పనితీరుకు కొన్ని తేడాలు ఉన్నాయని ప్రచురించారు. మన హైదరాబాద్ సీసీఎంబీ నుంచి కుమారస్వామి తంగరాజ్ బృందం 2015లో ఇంకా పెద్ద అధ్యయనం చేసింది. 3,416 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ళను వైద్యులు పరీక్షించారు. ఆ ఫలితాన్ని ఆయుసాఫ్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో సరిచూసుకున్నారు. వర్గీకరణ స్పష్టంగా కుదిరినవారిని వడకట్టి చివరికి 262 మందిని తీసుకుని వారి డీఎన్ఏ పరిశీలించారు. ఆ మూడు వర్గాల మధ్య 52 చోట్ల తేడాలు కనిపించాయి. పిత్తప్రకృతికీ పీజీఎమ్1 అనే జన్యువుకూ సంబంధం ఉన్నట్టు తోచింది. ఈ పని చదివి నేను గర్వపడ్డాను. మా పెద్దలు కళ్ళతో చూసి విడదీసిన మనుషుల్లో కళ్ళకు కనిపించని తేడా కూడా ఉండవచ్చని సూచించిందది.

ఆ అంకెలనే ఇంకోసారి చూడండి. 3,416 మందిలో 262 మంది. నూటికి ఎనిమిది మంది కూడా కాదు. అంత జాగ్రత్తగా పరీక్షించిన చోట ఇంత మందినే తేల్చి తీసుకుంటే, ఫోన్‌లో పన్నెండు ప్రశ్నలు నూటికి నూరు మందికీ ఒక పేరు తగిలించేస్తున్నాయి. ప్రకృతులు ఏడు అని సుశ్రుతుడు ఎప్పుడో లెక్కపెట్టాడు. వాత, పిత్త, కఫ దోషాల్లో ఒక్కోదానిది ఒకటి చొప్పున మూడు, రెండేసి కలిసినవి మూడు, మూడూ సమంగా ఉన్నది ఒకటి. నేను చూసిన జనంలో ఎక్కువమంది రెండు కలిసినవాళ్ళే. పైగా సీసీఎంబీ పరిశీలనలో ఆడవాళ్ళు లేరు. నెలసరి, కాన్పులు, ముట్లుడగడం, ఒక్కో దశలో ఒళ్ళు ఒక్కో తీరుగా మారడం, ఇవన్నీ ఆ లెక్కకు బయటే ఉండిపోయాయి. పిత్తం వాళ్ళు ఈ పొడి తాగాలి, కఫం వాళ్ళు ఆ నూనె రాయాలి అని ఆ పరిశోధన ఎక్కడా చెప్పలేదు. శాస్త్రవేత్తలు చెప్పని మాట వాళ్ళ పేరుతో అమ్ముడుపోతోంది.

పుట్టుకతో వచ్చిన ప్రకృతి మంచిదా చెడ్డదా అన్నదాని మీద మా గ్రంథాల్లోనే ఏకాభిప్రాయం లేదని కూడా జనానికి తెలియాలి. విషంలో పుట్టిన పురుగును ఆ విషం చంపనట్టే పుట్టుకతో వచ్చిన దోషం మనిషిని బాధపెట్టదని సుశ్రుతుడి పక్షం. వాతం ఎక్కువగా పుట్టినవాడు, పిత్తం ఎక్కువగా పుట్టినవాడు ఎప్పుడూ కొంత రోగానికి దగ్గరగానే ఉంటారని, మూడూ సమంగా ఉన్నవాడే ఆరోగ్యవంతుడని చరకుడి పక్షం. వాగ్భటుడు ఇంకో అడుగు వేసి కఫం ఉత్తమం, పిత్తం మధ్యమం, వాతం హీనం అన్నాడు. ఇంత పెద్దవాళ్ళు వాదులాడుకున్న విషయం అది. ఒక రంగు బొమ్మ పక్కన మూడు వాక్యాలు రాసి చేతికిచ్చేయడం వాళ్ళ ఆలోచనకు మర్యాద చేయడం కాదు.

పేరు తగిలించడం వల్ల పిల్లలకు జరిగే నష్టం నన్ను ఎక్కువగా బాధపెడుతుంది. ఒక నాయనమ్మ తొమ్మిదేళ్ళ మనవణ్ణి తీసుకొచ్చింది. "వీడిది వేడి శరీరం డాక్టరమ్మగారూ, ఏం పెట్టినా వేడి చేస్తుంది" అంది. ఎప్పుడో ముక్కునుంచి రెండుసార్లు రక్తం వచ్చిందట. అప్పటినుంచి గుడ్డు వేడి, మునగాకు వేడి, నువ్వులు వేడి, బెల్లం వేడి అని ఒక్కొక్కటే మాన్పించింది. పెరుగన్నం, సగ్గుబియ్యం, కొబ్బరినీళ్ళ మీదనే పిల్లవాడు పెరుగుతున్నాడు. కింది కనురెప్ప దించి చూస్తే పాలిపోయి ఉంది. గోళ్ళు పలచబడి వంగాయి. హిమోగ్లోబిన్ ఎనిమిది. ఆ నాయనమ్మ ప్రేమలో లోపం లేదు. ఎప్పుడో పడిన ఒక పేరును ఎవరూ తిరిగి పరీక్షించలేదు, అంతే. బాల్యం కఫ కాలం, ఒంటికి కండపట్టే వయసు, అప్పుడు పౌష్టికాహారం తప్పనిసరి అని ఆమెకు కూర్చోబెట్టి చెప్పాను. నులిపురుగుల మందు, ఐరన్ సిరప్, రోజు విడిచి రోజు మునగాకు పప్పు, వారానికి నాలుగు గుడ్లు. ముక్కునుంచి రక్తం మళ్ళీ రాలేదు. ఆ రెండుసార్లూ రోహిణీకార్తె ఎండలో క్రికెట్ ఆడినప్పుడు వచ్చిందని వాడే చెప్పాడు. ఎవరూ వాణ్ణి అడగలేదు.

పెద్దవాళ్ళలో ప్రమాదం ఇంకో రకం. మీది కఫప్రకృతి కాబట్టి షుగరు వచ్చింది, కఫాన్ని కరిగిస్తే షుగరు పోతుంది అని చెప్పి చూర్ణాలు అంటగడతారు. కఫప్రకృతి వారికి ప్రమేహం, అంటే షుగరు లాంటి జబ్బు, త్వరగా వచ్చే అవకాశం ఉందని మేమూ చదువుకున్నాం. దాన్ని నమ్మే, అలాంటివారిని చిన్న వయసునుంచే నడవమని, పగటినిద్ర మానమని, ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించుకోమని చెబుతాం. ఉన్న మందు మానేసి పొడి తాగమని చెప్పడానికి అది ఆధారం కాదు. షుగరును నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. పత్రికల్లో భయపడి వేయని ప్రకటన ఫోన్‌లో ప్రశ్నావళి రూపంలో వస్తోంది. ముందు మీ ప్రకృతి తెలుసుకోండి అంటుంది, చివర్లో పెట్టె కొనమంటుంది. తత్వం చెప్పే పేజీలోనే మందు అమ్మడాన్ని ప్రభుత్వం నిషేధించాలి. ప్రకృతి చెప్పినవారు మందు కూడా రాస్తే, రాసినవారి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఆ కాగితం మీద ఉండాలి.

డిస్పెన్సరీల సంగతి కూడా ప్రభుత్వం చూడాలి. మా దగ్గర పొద్దున వరసలో నలభై మంది ఉంటే ఒక్కొక్కరికి దక్కేది నాలుగైదు నిమిషాలు. ఆ వేళలో పది విధాల పరీక్ష అసాధ్యం. వారంలో రెండు మధ్యాహ్నాలు కేవలం మొదటిసారి వచ్చినవారి కోసం కేటాయించి, మనిషికి అరగంట ఇవ్వాలి. రాసిన కాగితం ఒకటి రోగి దగ్గర, ఒకటి డిస్పెన్సరీలో ఉండాలి. దాని మీద ప్రకృతి ఒక వరస మాత్రమే. ఎప్పటినుంచి ఏం మారింది, ఇంట్లో ఏం తింటారు, ఏం పని చేస్తారు, నిద్ర ఎలా ఉంది, ఇప్పటికే ఏ మందులు వాడుతున్నారు అన్నవి మిగతా వరసలు. మందుల వరస చాలా ముఖ్యం. ఒకేసారి ఇంగ్లీషు మందులూ చూర్ణాలూ వాడుతూ ఇద్దరు డాక్టర్లకూ చెప్పనివాళ్ళు నా దగ్గరికి రాని రోజు లేదు. అరగంట ఇచ్చినా వైద్యుడు ఒక్కడే అన్నీ రాయలేడు. విజయవాడ, వరంగల్, హైదరాబాద్, తిరుపతి ఆయుర్వేద కళాశాలల్లో హౌస్‌సర్జన్లు ఉన్నారు. ఆ ప్రశ్నలు అడగడం వాళ్ళకు శిక్షణలో భాగమే కావాలి.

2024 నాటి ప్రకృతి పరీక్షల ఉద్యమంలో సేకరించిన సమాచారం ఇప్పుడు ప్రభుత్వం చేతిలో ఉంది. ఇంత పెద్ద ఎత్తున ప్రకృతి వివరాలు చేతికి రావడం మా శాస్త్రానికి అరుదైన అవకాశం. పేర్లు తీసేసి, అందులోంచి ఒక పదివేల మందిని ఎంచుకుని మళ్ళీ అడగాలి. ఒకే మనిషిని ఇద్దరు వైద్యులు విడివిడిగా, ఒకరి మాట ఒకరికి తెలియకుండా పరీక్షించాలి. వేసవిలో ఒకసారి, చలికాలంలో ఒకసారి చూడాలి. మొదటి జవాబూ రెండో జవాబూ ఎందరిలో కలిశాయి, ఏ ప్రశ్నల దగ్గర తేడా వచ్చింది, తల్లినో తోబుట్టువునో పక్కన కూర్చోబెట్టి అడిగితే తేడా తగ్గిందా అన్నది లెక్క తీయాలి. జవాబులు కలిస్తే మా పరీక్షకు బలం వస్తుంది. కలవకపోతే ఏ ప్రశ్న తీసేయాలో, ఏది చేర్చాలో తెలుస్తుంది. ఫలితం ఎటు వచ్చినా దాన్ని పత్రికల్లో వేయాలి. మా కళాశాలల్లో పిల్లలకు పాఠంగా చెప్పాలి. ఆ పనికి రిటైరైన వైద్యులు కావాలంటే పిలవండి, జీతం లేకుండా వచ్చేవాళ్ళం చాలామందిమి ఉన్నాం.